బండి మలుపు తిరిగాక ఆ చెత్త ఎవరిది?

లండన్‌కు పడమట ఉన్న స్లౌ పట్టణంలో ఒక తెలుగు కుటుంబం ఇల్లు మారుతోందనుకుందాం. సాయంత్రానికల్లా తాళాలు యజమానికి అప్పజెప్పాలి. కావలసిన సామానంతా కొత్త ఇంటికి చేరిపోయింది. హాల్లో మిగిలినవి కుంగిపోయిన సోఫా, ఒక పాత పరుపు, నాలుగు అట్టపెట్టెల నిండా కాగితాలూ చినిగిన బట్టలూ. ఏ చెత్తయినా ఈరోజే తీసుకెళ్తాం, నగదు మాత్రమే అని ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన కనిపించింది. ఫోన్ చేసిన గంటలో తెల్ల వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో అన్నీ ఎక్కించుకున్నారు. అరవై పౌండ్లు చేతిలో పెట్టగానే బండి వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత, పాత చిరునామా నుంచి మళ్ళించిన ఒక ఉత్తరం కొత్త ఇంటికి వచ్చింది. పంపింది కౌన్సిల్. ఊరి బయట పొలం గట్టున ఒక సోఫా, ఒక పరుపు, చిరిగిన అట్టపెట్టెలు దొరికాయి. పెట్టెల్లో ఒకదానిలో ఈ కుటుంబం పేరు మీద ఉన్న కరెంటు బిల్లు ఉంది. ఆ సామాను ఎవరికి ఇచ్చారు? వాళ్ళకు లైసెన్సు ఉందో లేదో చూశారా? రసీదు ఉందా?

‘డబ్బులిచ్చి తీయించాం, ఆ తర్వాత వాళ్ళు ఏం చేశారో మాకేం తెలుసు’ అనేది ఎవరికైనా మొదట నోటికొచ్చే జవాబు. బ్రిటన్ చట్టం ఒప్పుకోనిది సరిగ్గా ఆ జవాబునే. ఒక ఇల్లు చెత్తను సరైన చేతికి అప్పగించిందా లేదా అన్నది అక్కడ చట్టపరమైన ప్రశ్న. ఈ సూత్రం ఎలా పుట్టింది, ఎవరిని ఎంతవరకు కట్టిపడేస్తుంది, ఎక్కడ గట్టిగా నిలిచింది, ఎక్కడ జారిపోయిందన్నది బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి రోజువారీ అవసరం. చెరువు గట్లు శిథిలాల కుప్పలతో నిండిపోతున్న మన నగరాలకూ ఇందులో నేర్చుకోవలసింది ఉంది.

పిల్లలు ఆడుకునే చోట సైనైడ్ డ్రమ్ములు

1972 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలోని నన్‌ఈటన్ దగ్గర, పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలంలో సైనైడ్ డ్రమ్ములు బయటపడ్డాయి. దేశం ఉలిక్కిపడింది. వారాల వ్యవధిలోనే పార్లమెంటు విషపూరిత వ్యర్థాల పారబోతను నేరం చేస్తూ చట్టం తెచ్చింది. 1974లో వచ్చిన కాలుష్య నియంత్రణ చట్టం చెత్త వేసే స్థలాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. అయినా మధ్యలో ఒక ఖాళీ మిగిలింది. చెత్త పుట్టే చోటు తెలుసు, చేరవలసిన చోటు తెలుసు. ఈ రెండింటి మధ్య దాన్ని మోసుకెళ్ళే బండి మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

పర్యావరణ కాలుష్యంపై రాయల్ కమిషన్ 1985లో ఇచ్చిన పదకొండో నివేదిక ఈ ఖాళీని పట్టుకుంది. చెత్తను పుట్టించినవారు, మోసేవారు, వదిలించేవారు అందరూ గొలుసులో లంకెల్లా ఒకరికొకరు జవాబుదారీగా ఉండాలన్నది దాని సారం. దానికి పెట్టిన పేరు ‘జాగ్రత్త వహించే బాధ్యత’. లండన్‌లోని డెట్‌ఫర్డ్ ప్రాంతానికి ప్రాతినిధ్యం వహించిన ఎంపీ జోన్ రడాక్ ప్రైవేటు బిల్లుగా తెచ్చి గెలిపించుకున్న 1989 చట్టం, చెత్త మోసేవాళ్ళు పేరు నమోదు చేసుకోకపోవడాన్ని నేరంగా మార్చింది. మరుసటి ఏడు వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టంలోని 34వ సెక్షన్ జాగ్రత్త వహించే బాధ్యతను వ్యాపారాల నెత్తిన పెట్టింది.

ఇళ్ళవాళ్ళకు మాత్రం అప్పట్లో మినహాయింపు ఇచ్చారు. 2005లో ఆ మినహాయింపు కూడా తగ్గిపోయింది. ఇంట్లో ఉండేవారు, సొంతదారైనా అద్దెదారైనా, తమ ఇంటి చెత్తను అధికారం ఉన్నవారికే అప్పగించేలా పరిస్థితులకు తగ్గట్టు చేతనైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. ఆ వాక్యం చట్టంలో చిన్నదే. ఫలితం మాత్రం ప్రతి ఇంటి తలుపు దాకా వచ్చింది.

జరిమానా ఎవరికి, ఎంత?

ఇంగ్లండ్‌లో ఈ బాధ్యత తప్పిన ఇంటివాళ్ళకు కోర్టుకు వెళ్ళకుండానే జరిమానా వేసే అధికారం 2019 జనవరిలో కౌన్సిళ్ళకు వచ్చింది. మొదట గరిష్ఠం 400 పౌండ్లు. 2023 జూలైలో దాన్ని 600కు పెంచారు. అదే నెలలో చెత్తను దొంగచాటుగా పారబోసినవారికి వేసే తక్షణ జరిమానా గరిష్ఠం 400 నుంచి 1,000 పౌండ్లకు పెరిగింది. వ్యవహారం కోర్టుకు వెళ్తే జరిమానాకు పరిమితి లేదు. పారబోసినవాళ్ళకైతే ఐదేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు, బండిని స్వాధీనం చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. కుప్పలో కరెంటు బిల్లు దొరికినంత మాత్రాన ఇంటివాళ్ళు దోషులైపోరు. చట్టం అడిగేది, ఇచ్చేముందు చేతనైన జాగ్రత్త తీసుకున్నారా అని. లైసెన్సు చూసి, రసీదు తీసుకుని, అయినా మోసపోయిన మనిషికి చెప్పుకోవడానికి గట్టి సమాధానం ఉంటుంది. ఏమీ చూడకుండా నగదు ఇచ్చి పంపేసిన మనిషికి ఉండదు. నిస్సహాయ స్థితిలో ఉన్నవారి విషయంలో విచక్షణతో వ్యవహరించాలని ప్రభుత్వం కౌన్సిళ్ళకు సూచించింది కూడా.

చేతనైన జాగ్రత్త అంటే ఐదు నిమిషాల పని

హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో మొదలైన ఒక ప్రచారం ఈ జాగ్రత్తను ఐదు మెట్లుగా చెప్పింది. అనుమానించాలి, సరిచూసుకోవాలి, అడగకుండానే వచ్చి తీసుకెళ్తామంటే కాదనాలి, చెత్త ఎక్కడికి వెళ్తుందో అడగాలి, కాగితం తీసుకోవాలి. తర్వాత ఎన్నో కౌన్సిళ్ళు ఇదే పాఠాన్ని అందుకున్నాయి.

సరిచూసుకోవడమంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. ఇంగ్లండ్‌లో చెత్త మోసేవాళ్ళ రిజిస్టరు పర్యావరణ ఏజెన్సీ చేతిలో ఉంటుంది. ఎవరైనా ఉచితంగా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. నంబరు సీబీడీయూ అక్షరాలతో మొదలైతే అది పై తరగతి నమోదు, సీబీడీఎల్‌తో మొదలైతే కింది తరగతి. వ్యానువాడు చెప్పిన నంబరు కొట్టగానే పేరు, చిరునామా, గడువు తేదీ తెర మీదికి వస్తాయి. ప్రకటనలో ఉన్న పేరు, తెర మీది పేరు ఒకటేనా? గడువు దాటిపోయిందా? ఫోనులో పంపిన లైసెన్సు ఫొటోను నమ్మి ఊరుకోకూడదు. ఫొటోను ఎవరైనా దిద్దగలరు, నంబరును మాత్రం రిజిస్టరే ఖరారు చేయాలి. వేరొకరి నంబరును తనదిగా చెప్పేవాళ్ళూ ఉంటారు కాబట్టి పేరు పోల్చుకోవడం తప్పనిసరి.

తర్వాతి ప్రశ్న, ‘దీన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?’ నిజమైన వ్యాపారి చెత్తను దింపే ఫలానా ట్రాన్స్‌ఫర్ స్టేషన్ అని తడుముకోకుండా చెబుతాడు. ‘అవన్నీ మేం చూసుకుంటాం’ అనే జవాబు వస్తే సామాను ఎత్తనివ్వకపోవడమే మేలు. చివరిది రసీదు. అందులో వ్యాపారి పేరు, నంబరు, తేదీ, ఏం తీసుకెళ్ళారో, ఎంత ఇచ్చారో ఉండాలి. బండి నంబరు ప్లేటుకు ఒక ఫొటో. బ్యాంకు ద్వారా చెల్లిస్తే ఇంకో ఆధారం మిగులుతుంది. ఇదంతా కలిపి ఐదు నిమిషాలు.

ఇంగ్లండ్ దాటితే అధికార సంస్థ పేరు మారుతుంది. వేల్స్‌లో నేచురల్ రిసోర్సెస్ వేల్స్, స్కాట్లండ్‌లో సెపా, ఉత్తర ఐర్లండ్‌లో అక్కడి పర్యావరణ ఏజెన్సీ. రిజిస్టర్లు వేర్వేరు, జరిమానాలు వేర్వేరు, అడగవలసిన ప్రశ్న ఒకటే.

లైసెన్సు ఎవరికి అవసరం?

ఇతరుల చెత్తను వృత్తిగా మోసే ప్రతి ఒక్కరికీ పై తరగతి నమోదు కావాలి. చాలా ఏళ్ళపాటు దీని రుసుము మూడేళ్ళకు 154 పౌండ్లు. తన వ్యాపారంలో పుట్టిన చెత్తను తానే క్రమం తప్పకుండా మోసుకునేవాళ్ళు, స్వచ్ఛంద సంస్థలు కింది తరగతిలోకి వస్తారు. దానికి రుసుము లేదు.

చాలామంది పొరబడేది నిర్మాణ వ్యర్థాల దగ్గర. కట్టడం పనిలోనో కూల్చివేతలోనో వచ్చిన శిథిలాలను మోసేవాడికి, అవి తన పనిలో పుట్టినవే అయినా, పై తరగతి నమోదు తప్పదు. కాబట్టి వంటగది మార్పిస్తూ పాత టైల్సు, ప్లాస్టర్ పెచ్చులు, సింకు తీసుకెళ్ళమని మేస్త్రీకి చెప్పేముందు అతని నంబరు కూడా చూడాలి. ‘పనిలో భాగమే కదా, అన్నీ నేనే ఊడ్చేస్తా’ అనే మాట వినడానికి హాయిగా ఉంటుంది. ఊడ్చినది ఎక్కడికి చేరిందన్నదే ప్రశ్న.

బ్రిటన్‌లో అద్దెకివ్వడానికి ఇల్లు కొన్న తెలుగువాళ్ళు మరో సంగతి గమనించాలి. అద్దెదారు వదిలేసి వెళ్ళిన సామానును యజమాని తీయిస్తే, చాలా కౌన్సిళ్ళు దాన్ని ఇంటి చెత్తగా కాక వ్యాపార చెత్తగా లెక్కిస్తాయి. కౌన్సిల్ నడిపే ఉచిత కేంద్రంలో అది చెల్లదు.

వంటశాల వెనక తలుపు దగ్గర

వ్యాపారానికి బాధ్యత ఇంకా బరువైనది. ఈస్ట్‌హామ్ హైస్ట్రీట్‌లో దక్షిణాది రుచులు వండి వడ్డించే హోటళ్ళు వరుసగా ఉంటాయి. అలాంటి ఒక వంటశాల వెనక తలుపు దగ్గర నిలబడితే ఈ చట్టం మొత్తం కంటికి కనిపిస్తుంది. ఒక డబ్బాలో కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన అన్నం. ఇంకోదాంట్లో అట్టపెట్టెలు, డబ్బాలు. గోడవారగా వాడేసిన నూనె క్యాన్లు. ఒక్కొక్కటి ఒక్కో దారిన వెళ్ళాలి. 2025 మార్చి 31 నుంచి ఇంగ్లండ్‌లో పదిమంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా ఆహార వ్యర్థాలను, రీసైకిల్ అయ్యేవాటిని విడివిడిగా ఉంచి అప్పగించాలి.

చెత్త చేతులు మారిన ప్రతిసారీ బదిలీ పత్రం ఉండాలి. క్రమం తప్పకుండా ఒకే రకం చెత్త ఒకరికే ఇస్తుంటే ఏడాదికి ఒక పత్రం చాలు. అందులో రాయవలసినవి సాదా వివరాలే. ఏ చెత్త, ఎంత, దేనిలో నింపారు, ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, లైసెన్సు నంబరు, చోటు, తేదీ, ఇద్దరి సంతకాలు. వాటితోపాటు ఐరోపా పట్టికలోని ఆరంకెల కోడ్ ఒకటి. వంటశాల ఆహార వ్యర్థాలకు 20 01 08, వంటనూనెకు 20 01 25. ఈ పత్రాన్ని ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు రెండేళ్ళు దాచాలి. ఇంటివాళ్ళకు ఈ పత్రం నింపే భారం లేదు, వాళ్ళకు మంచి రసీదు చాలు.

కోడ్ పక్కన చుక్కగుర్తు కనిపిస్తే అది ప్రమాదకర వ్యర్థం. పాత ఫ్రిజ్‌ది 20 01 23, ఆస్‌బెస్టాస్ కలిసిన నిర్మాణ సామగ్రిది 17 06 05. రెండింటికీ చుక్క ఉంటుంది. వ్యాపారాలు వీటిని పంపాలంటే వేరే రవాణా పత్రం కావాలి, దాన్ని మూడేళ్ళు భద్రపరచాలి.

స్లౌ ఇంటి హాల్లో మిగిలిన ఆ సోఫాకూ ఇప్పుడు ప్రత్యేక నియమం ఉంది. మంట త్వరగా అంటుకోకుండా పాత సోఫాల నురుగులో, గుడ్డలో కలిపిన కొన్ని రసాయనాలు ఏళ్ళ తరబడి నేలలో, నీళ్ళలో, ప్రాణుల ఒంట్లో నిలిచిపోతాయి. అందుకే 2023 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో అలాంటి మెత్తటి కుర్చీలను, సోఫాలను గుంతల్లో పూడ్చడం కుదరదు. విడిగా ఉంచి, ఇతర చెత్తతో కలపకుండా, ఎక్కువ వేడి మీద కాల్చాలి. సోఫా మీద ఉచితంగా తీసుకెళ్ళవచ్చు అని చీటీ అంటించి గేటు బయట పెట్టినా, అది పారబోత కిందికే రావచ్చని కౌన్సిళ్ళు హెచ్చరిస్తుంటాయి.

అంత చవగ్గా ఎలా తీసుకెళ్తారు?

చట్టాలు ఇన్ని ఉండగా దొంగచాటు బండ్లు ఎందుకు తిరుగుతున్నాయి? సమాధానం లెక్కలో ఉంది.

చెత్తను పూడ్చకుండా రీసైకిల్ చేయించాలన్న ఉద్దేశంతో బ్రిటన్ 1996 అక్టోబరులో పూడ్చివేత పన్ను తెచ్చింది. అప్పుడు సాధారణ చెత్తకు టన్నుకు 7 పౌండ్లు. 2025 ఏప్రిల్‌లో అది 126.15 పౌండ్లకు చేరింది. ఇది పన్ను మాత్రమే. స్థలం నడిపేవారి రుసుము, బండి ఖర్చు, మనుషుల కూలి అదనం. ఒక టన్ను సామానును చట్టబద్ధంగా వదిలించడానికే అంత ఖర్చయితే, అరవై పౌండ్లకు వ్యాను నింపుకునేవాడికి మిగిలేదేమీ ఉండకూడదు. మిగులుతోందంటే ఆ చెత్త తూకం కాటా ఎక్కడం లేదని అర్థం. మరీ చవక ధర ఎర్రజెండా అని అధికారులు పదేపదే చెప్పడంలో ఈ లెక్కే ఉంది.

మరో మోసం ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. మట్టి, రాళ్ళు వంటి జడ పదార్థాలకు పన్ను తక్కువ, 2025 ఏప్రిల్‌లో టన్నుకు 4.05 పౌండ్లు. కలగాపులగం చెత్తను మట్టి అని పత్రంలో రాస్తే టన్నుకు 120 పౌండ్లకు పైగా మిగులుతుంది. బదిలీ పత్రంలోని ఆరంకెల కోడ్ అంత ముఖ్యం కావడానికి కారణం ఇదే. ఒక తప్పుడు అంకె వెనక లారీల కొద్దీ డబ్బు ఉంటుంది.

పన్ను చేసిన మేలు కాదనలేనిది. పూడ్చివేత తగ్గింది, రీసైక్లింగ్ పెరిగింది. ఆ పన్నుతోపాటు పెరగవలసిన నిఘా మాత్రం అదే వేగంతో పెరగలేదు.

రిజిస్టరే బలహీనమైతే

2023-24లో ఇంగ్లండ్ స్థానిక సంస్థలు నమోదు చేసిన పారబోత సంఘటనలు 11.5 లక్షలు. వాటిలో 60 శాతం ఇంటి చెత్త. రాత్రికి రాత్రి లారీలతో దింపే ముఠాల పని ఒక ఎత్తయితే, మామూలు ఇళ్ళ గుమ్మాల నుంచి బయల్దేరి పొలం గట్లకు చేరేది మరో ఎత్తు. ఇంగ్లండ్‌లోని చెత్తలో దాదాపు 18 శాతం ఏదో ఒక దశలో అక్రమ మార్గం పడుతోందని 2021లో పర్యావరణ ఏజెన్సీ జరిపిన సర్వేలో పరిశ్రమ వర్గాలు అంచనా వేశాయి. చెత్త నేరాలు ఇంగ్లండ్ ఆర్థిక వ్యవస్థ మీద ఏటా వేస్తున్న భారం సుమారు 100 కోట్ల పౌండ్లని లెక్క. అప్పట్లో ఏజెన్సీ అధిపతిగా ఉన్న సర్ జేమ్స్ బెవన్ దీన్ని కొత్త మాదకద్రవ్యాల వ్యాపారంతో పోల్చారు.

కెంట్ కౌంటీలో ఆష్‌ఫర్డ్ దగ్గరి హోడ్స్ వుడ్ ఈ నేరాల వల్ల తగిలిన పెద్ద గాయం. నీలిపూల తివాచీకి పేరుపడ్డ, శాస్త్రీయ ప్రాముఖ్యం ఉందని ప్రభుత్వమే గుర్తించి కాపాడుతున్న అడవి అది. అందులో సుమారు 30,000 టన్నుల చెత్త గుట్టలుగా పోశారు. దాన్ని తీయించడానికి ప్రజల డబ్బు కోటిన్నర పౌండ్లు వెచ్చించవలసి వచ్చింది. అన్ని లారీలు ఒక అడవిలోకి వెళ్ళాయంటే, బయల్దేరిన ప్రతి చోటా ఎవరో ఒకరు కాగితం అడగలేదన్నమాట, లేదా దొంగ కాగితంతో సరిపెట్టుకున్నారన్నమాట.

ఇళ్ళవాళ్ళను రిజిస్టరు చూడమంటున్న ప్రభుత్వం ఆ రిజిస్టరును ఎంత గట్టిగా ఉంచింది? ఇక్కడే వ్యవస్థ తలదించుకోవలసి వస్తుంది. యునోమియా అనే పరిశోధన సంస్థ ఈ నమోదు ఎంత తేలికో నిరూపించడానికి, చనిపోయిన కుక్క ఆస్కార్ పేరుతో దరఖాస్తు చేసింది. నమోదు దొరికింది. ఎవరు అడిగారు, ఎక్కడుంటారు, గతంలో శిక్షలేమైనా ఉన్నాయా అని తగినంతగా పరీక్షించే పద్ధతే లేదు. అలాంటప్పుడు వృద్ధ దంపతులో, కొత్తగా దేశానికి వచ్చిన కుటుంబమో నంబరు చూసి నమ్మడం వల్ల ఎంత రక్షణ దొరుకుతుంది?

చెత్త రంగంలోని వ్యవస్థీకృత నేరాలపై 2018లో లిజీ నోయెల్ నేతృత్వంలో స్వతంత్ర సమీక్ష జరిగింది. ఏజెన్సీలు, పోలీసులు, పన్నుల శాఖ కలిసి పనిచేసే ఉమ్మడి విభాగం 2020 జనవరిలో మొదలైంది. నమోదుకు బదులు అసలైన అనుమతి విధానం తెస్తామని, మనిషి గుర్తింపును, అర్హతను పరీక్షిస్తామని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. అక్రమ రవాణాకు ఐదేళ్ళ దాకా జైలు శిక్ష పడేలా చట్టం మారుస్తామని 2025లో ప్రకటించింది. కాగితపు పత్రాలకు బదులు ప్రతి బస్తా ప్రయాణాన్నీ కంప్యూటరులో నమోదు చేసే డిజిటల్ ట్రాకింగ్‌కు 2021 పర్యావరణ చట్టమే దారి వేసింది. 2025 ఏప్రిల్ అన్న మొదటి గడువు మాత్రం వాయిదా పడింది. ఇంటివాళ్ళ మీద జరిమానా పెంచడం నెలల్లోనే పూర్తయింది. బండివాణ్ణి పరీక్షించే పద్ధతి ఏళ్ళు గడిచినా రాలేదు. ఈ వరుస తిరగబడాలి.

చట్టంలోనే ఉన్న చవక దారులు

ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో గుర్తుకు రాని మార్గాలు కొన్ని ఉన్నాయి. దాదాపు ప్రతి కౌన్సిలూ సోఫాలు, పరుపులు, ఫ్రిజ్‌లు ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్తుంది. రుసుము ఊరిని బట్టి మారుతుంది, ముందుగా తేదీ తీసుకోవాలి. సొంత కారులో వేసుకుని కౌన్సిల్ రీసైక్లింగ్ కేంద్రానికి వెళ్తే ఇంటి చెత్తకు రుసుము లేదు. సొంతంగా చేసుకున్న చిన్న మరమ్మతుల శిథిలాలకు గతంలో కొన్ని కౌన్సిళ్ళు డబ్బు వసూలు చేసేవి. 2023 డిసెంబరు 31 నుంచి ఇంగ్లండ్‌లో అది ఆగింది. ఒకసారికి 50 లీటర్ల సంచులు రెండు, నాలుగు వారాల్లో నాలుగు సార్లు దాకా ఉచితం. కొత్త వాషింగ్ మెషీన్ కొంటే అలాంటి పాతదాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత దుకాణానిది. బాగున్న సోఫా, మంట భద్రత చీటీ చెక్కుచెదరకుండా ఉంటే, స్వచ్ఛంద సంస్థల దుకాణాలు వచ్చి తీసుకెళ్తాయి. ఆ చీటీని కత్తిరించి పారేయకుండా ఉంచడం ఎంత పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

స్కిప్ అనే పెద్ద ఇనుప తొట్టి తెప్పించుకునేవాళ్ళు, అది సొంత ఆవరణలో కాక రోడ్డు మీద దిగితే, కౌన్సిల్ అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

మన దగ్గర ఈ గొలుసు ఎక్కడ తెగుతోంది?

తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ గొలుసు ఆలోచన కొత్తది కాదు. కొన్ని రకాల చెత్తకు మన చట్టం బ్రిటన్‌ కన్నా తక్కువేమీ అడగదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం, పరిశ్రమ నుంచి దుండిగల్ కేంద్రానికో విశాఖ దగ్గరి పరవాడ కేంద్రానికో వెళ్ళే ప్రతి లోడుకూ మేనిఫెస్ట్ అనే ఏడు ప్రతుల రవాణా పత్రం ఉండాలి. తెల్ల ప్రతి కాలుష్య నియంత్రణ మండలికి, పసుపు ప్రతి పంపినవారి దగ్గర. సరుకు చేరాక నీలం ప్రతి తిరిగి పంపినవారికి వస్తుంది. ఆ నీలం కాగితమే గొలుసు పూర్తయిందనడానికి సాక్ష్యం.

ఆసుపత్రి చెత్త విషయంలోనూ అంతే. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం వర్గాలుగా వేరుచేయమన్నాయి, సంచులకు బార్‌కోడ్ అంటించమన్నాయి. శుద్ధి చేయని చెత్తను 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదన్నాయి, మోసే బండ్లకు జీపీఎస్ పెట్టమన్నాయి. సెప్టిక్ ట్యాంకుల విషయంలో వరంగల్ నగరం దేశానికి దారి చూపింది. 2016లోనే మలవ్యర్థాల నిర్వహణకు నియమాలు తెచ్చి, ట్యాంకులు తోడే ఆపరేటర్లకు లైసెన్సు పద్ధతి మొదలుపెట్టింది. ఇక్కడ లైసెన్సు ఉన్న బండిని పిలవడం చెత్త ఎక్కడ పోస్తారన్న ప్రశ్నతో ఆగదు, మనిషి ప్రాణంతో ముడిపడింది. రక్షణ పరికరాలు లేకుండా ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తక్కువ ధరకు ఒప్పుకుని పనిముట్లు లేకుండా వచ్చినవాణ్ణి వెనక్కి పంపడం ఆ ఇంటివాళ్ళ చేతిలో ఉంది.

గొలుసు తెగేది ఇల్లు పడగొట్టే చోట. హైదరాబాద్‌లో పాత డాబా కూల్చి అపార్టుమెంటు లేపే వీధిని గమనిస్తే చాలు. తెల్లవారుజామున ట్రాక్టరు వస్తుంది. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, వంగిన ఇనుము మిగల్చకుండా నింపుకుంటుంది. ట్రిప్పుకు ఇంత అని బేరం కుదిరాక, ‘అన్నా, ఎక్కడ పోస్తావు?’ అని అడిగేవాళ్ళు అరుదు. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో శిథిలాలను పిండి చేసి కంకర, ఇసుక తీసే కేంద్రాలున్నాయి. రోజుకు 500 టన్నుల చొప్పున వాటి సామర్థ్యం. అయినా శిథిలాలు చెరువు శిఖం భూముల్లో, నాలాల ఒడ్డున, శివార్ల ఖాళీ స్థలాల్లో తేలుతున్నాయి. చెరువులను పూడ్చే లారీల మీద 2024లో ఏర్పడ్డ ప్రభుత్వ సంస్థ హైడ్రా దృష్టి పెట్టింది. లారీ దొరికితే డ్రైవరు మీద కేసు. ఆ లోడు ఏ ఇంటి గేటు నుంచి బయల్దేరిందో అడిగే దశకు మనం ఇంకా చేరలేదు.

2016 నాటి నిర్మాణ వ్యర్థాల నియమాలు శిథిలాలను పుట్టించినవారిదే మొదటి బాధ్యత అన్నాయి. రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటితే వేరుచేయాలి, ముందే ప్రణాళిక ఇవ్వాలి అన్నాయి. 2026 ఏప్రిల్ నుంచి అమలయ్యేలా 2025లో తెచ్చిన కొత్త నియమాలు 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాల బిల్డర్ల మీద రీసైక్లింగ్ లక్ష్యాలు పెట్టాయి. పెద్దవాళ్ళకు లెక్క వచ్చింది. రెండొందల గజాల ఇల్లు కూల్చే మామూలు యజమానికి ట్రాక్టరు నంబరు కొట్టి చూసుకునే రిజిస్టరు, పోసిన చోటి నుంచి తిరిగొచ్చే చీటీ ఇంకా అలవాటులోకి రాలేదు. పరిశ్రమకు నీలం ప్రతి తిరిగొచ్చే పద్ధతి ఏళ్ళుగా ఉన్న చోట, ఇంటి శిథిలాలకు ఫోనుకు ఒక సందేశం వచ్చే ఏర్పాటు కష్టమైనదేమీ కాదు. జీడిమెట్ల కాటా మీద బండి ఎక్కిన క్షణం నుంచి ఇంటి యజమానికి తూకం తెలిస్తే చాలు.

బ్రిటన్ అనుభవం ఇక్కడ రెండువైపులా పనికొస్తుంది. ఇచ్చేవాడిని బాధ్యుణ్ణి చేయకపోతే దొంగ బండ్లకు గిరాకీ తగ్గదని అది చూపించింది. పుచ్చుకునేవాణ్ణి పరీక్షించకుండా ఇచ్చేవాడి మీదే భారం వేస్తే రిజిస్టరులో ఆస్కార్ లాంటి పేర్లు చేరతాయని కూడా అదే చూపించింది. కౌన్సిల్ అయినా కార్పొరేషన్ అయినా జరిమానా రసీదు పుస్తకం తెరిచే ముందు, నమ్మదగిన బండ్ల జాబితాను అందరికీ కనబడేలా పెట్టాలి.

స్లౌ ఇంట్లో అదే సోఫాకు మరో సాయంత్రం కూడా సాధ్యమే. ప్రకటన చూసి ఫోన్ చేసిన ఇల్లాలు ముందు నంబరు అడుగుతుంది. తెర మీద పేరు సరిపోదు. ఆమె వద్దని చెప్పి కౌన్సిల్ పేజీ తెరుస్తుంది. దొరికిన తేదీ బుధవారం. మూడు రోజులు గ్యారేజీలో ఉంచుకోనివ్వమని యజమానిని అడిగి ఒప్పిస్తుంది. బుధవారం పొద్దున కౌన్సిల్ బండి వచ్చి సోఫాను ఎత్తుకుంటుంది. అట్టపెట్టెల్లోని కాగితాలను ఆమె అప్పటికే వేరు చేసి, పేర్లున్న బిల్లులను చించి, రీసైక్లింగ్ డబ్బాలో వేసి ఉంచింది.